"కట్టె గానుగ" పేరు నాకు ఇవ్వలేదు, ఇవ్వకపోవడమే మంచిదైంది



పై వీడియోలో గానుగ ఆడుతున్నప్పుడు వెనక గోడకు ఆనించిన అట్టపెట్టెలు చూసి కొందరు ఫోన్ చేశారు, "అన్నా, కొత్త సీసాలు వచ్చాయా?" అని. సీసాలు కాదు, లేబుళ్ళు. ఐదు వేలు. ఒక్కటి కూడా అంటించలేదు. మధ్యలో పెద్ద అక్షరాలతో "కట్టె గానుగ" అని ఉంటుంది, పక్కన చిన్న సున్నాలో ఆర్ అనే ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. ఆ పేరును నాకు ట్రేడ్‌మార్కుగా రాసివ్వమని అడిగితే ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో, ఇవ్వకపోవడమే న్యాయమని ఇప్పుడు ఎందుకు అంటున్నానో రాస్తాను. "రైతుకు బ్రాండ్ ఇవ్వరు, కంపెనీలకైతే ఇస్తారు" అనే మాట మనవాళ్ళలో బాగా తిరుగుతోంది. మొదట్లో ఆ మాట నేనూ అన్నవాణ్ణే.

మాది కదిరి దగ్గర పల్లె. అగ్రికల్చర్ డిప్లొమా చేసి, కొన్నాళ్ళు పురుగుమందుల షాపులో పనిచేసి, విసుగొచ్చి నాన్న ఐదెకరాల్లో ప్రకృతి వ్యవసాయానికి దిగాను. కదిరి-6 శెనక్కాయ వేస్తాం. కాయలు అట్లే మార్కెట్‌కు తోలితే చేతికి ఏం మిగులుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే దిరిసెన కట్టెతో గానుగ చేయించి పెట్టుకున్నా. లీటరు నూనెకు రెండున్నర కేజీల దాకా పప్పు పడుతుంది. రిఫైండ్ ప్యాకెట్ ధర పక్కన మన సీసా ధర చూస్తే కొనేవాడికి గుండె ఆగుతుంది. ఆ తేడా కట్టి కొనాలంటే నమ్మకం ఉండాలి, ఆ నమ్మకం ఒక పేరు మీద నిలబడాలి. అంతవరకూ నా ఆలోచన తప్పు కాదు. పట్టుకున్న పేరే తప్పు.

ఒక కన్సల్టెంట్ దొరికాడు. సర్కారు ఫీజు చిన్నవాళ్ళకు 4,500 రూపాయలు, దాని మీద తన ఫీజు. "కట్టె గానుగ అనే మాట ఇంకా ఎవరూ పెట్టలేదన్నా, మనమే ముందు పట్టుకోవాలి, ఇది దొరికితే జాక్‌పాట్" అన్నాడు. నాకు నోరూరింది, నిజం చెప్పాలంటే. తినే నూనెలు 29వ క్లాసులో వస్తాయి, అందులో అప్లికేషన్ పెట్టాం. పేరు తెలుగు అక్షరాల్లో ఉంది కాబట్టి దాని అర్థం ఇంగ్లీషులో రాయాలి. "చెక్కతో చేసిన నూనె తీసే యంత్రం" అని అర్థం వచ్చేట్టు రాసిచ్చాడు. మా అప్లికేషన్ ఎందుకు తిరగ్గొట్టాలో మేమే ఆ ఫారంలో రాసిచ్చామన్న సంగతి నాకు చాలా నెలల తర్వాత గాని తట్టలేదు.

ఈ మధ్యలో నేను చేసిన ఒక పని ఉంది. రాయాలంటే సిగ్గుగానే ఉంది.

మా పక్క ఊళ్ళో పొదుపు సంఘం ఆడవాళ్ళు లోను తీసుకుని గానుగ పెట్టుకున్నారు. వాళ్ళ డబ్బాల మీద "కట్టె గానుగ శెనగనూనె" అని ఉంది. అప్లికేషన్ నంబరు చేతికి రాగానే పేరు నాదైపోయింది అనుకున్నా. సంఘం అక్కకు ఫోన్ చేశా. "అక్కా, ఆ పేరు నేను రిజిస్టర్‌కు పెట్టుకున్నా. మీ డబ్బాల మీద తీసెయ్యండి, లేకపోతే నోటీసు పంపాల్సి వస్తుంది" అన్నా. ఆమె కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఏందబ్బీ, గానుగ అనే మాట కూడా నీ చేన్లోనే పండిందా? మా మామ గానుగెద్దు వెనకాల తిరిగి తిరిగి కాళ్ళు అరగదీసుకున్నాడు, అప్పటికి నువ్వు పుట్టలే" అని ఫోన్ పెట్టేసింది. నాకు కోపం వచ్చింది. చదువుకోనోళ్ళకు చట్టం తెలీదు అనుకున్నా. చట్టం తెలియంది నాకే.

కొన్ని నెలలకు ఎగ్జామినేషన్ రిపోర్టు వచ్చింది. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టంలో 9వ సెక్షన్ ప్రకారం అభ్యంతరం. కన్సల్టెంట్ "అది మామూలే, అందరికీ వస్తుంది" అన్నాడు. మామూలేమీ కాదు. ఆ సెక్షన్ మన భాషలో చెప్తా. ట్రేడ్‌మార్కు పని ఏమిటంటే, ఈ సరుకు ఫలానావాడి దగ్గర్నుంచి వచ్చింది, పక్కవాడిది కాదు అని కొనేవాడికి గుర్తు చేయడం. ఆ గుర్తుపట్టించే గుణం లేని పేరును రిజిస్టర్ చేయరు. సరుకు ఏ రకమో, ఎంత నాణ్యమో, ఎంత పరిమాణమో, ఎందుకు వాడతారో, ఏ ఊరిదో, ఎప్పుడు తయారైందో మాత్రమే చెప్పే మాటలకూ అంతే. ఆ వ్యాపారంలో అందరూ మామూలుగా వాడుకునే మాటలకూ అంతే. ఇప్పుడు "కట్టె గానుగ" ఏం చెప్తుంది? నూనె ఎట్లా తీశారో చెప్తుంది. ఎవరు తీశారో చెప్పదు.

గోవుల పేడకు గుర్తు పెట్టగలమా? ఏ ఆవుకైనా పేడ పేడే. ఆవు కొమ్ముకు రంగు వేస్తే మాత్రం సంతలో వెయ్యి ఆవుల్లో ఉన్నా మనది మనకు తెలుస్తుంది. పేరు ఆ రంగులా ఉండాలి. మనమంతా పేడకు పేటెంట్ అడుగుతున్నట్టు "నాటు నెయ్యి", "ప్రకృతి బియ్యం", "స్వచ్ఛమైన తేనె", "పల్లె బెల్లం" అని పెట్టుకుని పోతున్నాం.

రిపోర్టు అందాక 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇచ్చాం. తర్వాత హియరింగ్, వీడియో కాల్‌లోనే. ఏడాదిన్నరగా ఇదే పేరుతో అమ్ముతున్నాను సార్, బిల్లులు ఉన్నాయి అన్నా. ఆ దారి చట్టంలో నిజంగానే ఉంది. మామూలు మాటైనా సరే, అప్లికేషన్ తేదీకి ముందే వాడకం వల్ల జనం మనసులో అది ఒక్కరి పేరుగా స్థిరపడిపోతే ఆ కారణంతో తిరగ్గొట్టరు. కానీ మా కన్సల్టెంట్ ఫారంలో "ఇకముందు వాడబోతున్నాం" అనే గడిలో టిక్కు పెట్టాడు. ముందునుంచీ వాడుతున్నామంటే ఏ తేదీ నుంచో చెప్పి, అఫిడవిట్, బిల్లులు జతచేయాలి, ఆ పని తప్పించుకున్నాడన్నమాట. అదొక దెబ్బ. రెండోది, అవతల ఉన్న ఆఫీసర్ ఒకే ఒక ప్రశ్న అడిగారు. ఈ మాట వింటే మీ కస్టమర్‌కు మీరు గుర్తొస్తారా, గానుగ గుర్తొస్తుందా? నాకు సంఘం అక్క మాట గుర్తొచ్చింది. "గానుగే సార్" అన్నా. కన్సల్టెంట్ కెమెరా పక్కనుంచి నా కాలు తొక్కాడు. అయిపోయింది.

హైకోర్టుకు అప్పీలుకు పోవచ్చు అన్నాడు. ఎన్ని లీటర్ల నూనె అమ్మితే ఆ ఖర్చు వస్తుందో లెక్కేసుకుని వద్దన్నా.

ఇక కంపెనీల సంగతి. మన నూనె రంగంలోదే ఒక కేసు ఉంది. మారికో వాళ్ళకు "లోసార్బ్" అనే పేరు రిజిస్టర్ అయి ఉంది. అప్పట్లో సన్‌డ్రాప్ నూనె చేస్తున్న ఆగ్రోటెక్ ఫుడ్స్ వాళ్ళు తమ ప్యాకెట్ మీద "లో అబ్‌సార్బ్ టెక్నాలజీ" అని రాశారు, అంటే వంటలోకి నూనె తక్కువ పీలుస్తుందని. మారికో కోర్టుకెళ్ళింది. 2010లో ఢిల్లీ హైకోర్టు ఆపడానికి ఒప్పుకోలేదు. సరుకు గుణం చెప్పే మాటను అక్షరాలు కాస్త మార్చి తనదని పట్టుకుంటే కుదరదన్నారు. అంత పెద్ద కంపెనీకి, చేతిలో రిజిస్ట్రేషన్ ఉండి కూడా కుదరలేదు. కాబట్టి "గానుగ"ను "గాణూగా" అని రాస్తే దొరుకుతుందేమో అని అడిగే తమ్ముళ్ళకు జవాబు ఇదే. "షుగర్ ఫ్రీ" తీపి బిళ్ళల కంపెనీ అమూల్ మీద వేసిన కేసులో కూడా, ఐస్‌క్రీం లాంటి తమ సరుకులో చక్కెర లేదని చెప్పుకోవడానికి అమూల్ ఆ మాట వాడకుండా ఆపలేదు, అంత పెద్ద అక్షరాలతో రాయొద్దు అన్నారంతే.

అయినా పెద్దోళ్ళకూ మనకూ తేడా లేదని నేను అనను. ఉంది. ఒక మామూలు మాటను ఏళ్ళ తరబడి టీవీలో ఊదరగొట్టి, అది తమదే అని జనం నోట అనిపించే డబ్బు వాళ్ళకుంది. ఆ రుజువులు ఫైలు కట్టి చూపించే లాయర్లున్నారు. మనకు సంతలో నూనె డబ్బా, ఫోన్‌లో వాట్సాప్ స్టేటస్. నిజంగా అన్యాయం ఎక్కడైనా ఉంటే అక్కడుంది. కానీ దానికి మందు, మామూలు మాటలు మనకూ రాసివ్వమని అడగడం కాదు. అట్లా ఇవ్వడం మొదలుపెడితే వరసలో ముందు నిలబడేది నువ్వూ నేనూ కాదు. రేపు ఎవడో సీసాలో పోసి అమ్ముతూ "జీవామృతం" అనే మాట రిజిస్టర్ చేయించుకుంటే? మన పెరట్లో డ్రమ్ములో కలిపి పక్క రైతుకు ఇచ్చి, దాన్ని జీవామృతం అని పిలవడానికి భయపడాలి. "ఘనజీవామృతం", "దేశవాళీ", "నాటు" ఇవన్నీ ఒక్కొక్కటీ ఒక్కొక్కరు కంచె వేసుకుంటే మన సరుకు గురించి చెప్పుకోవడానికి మాటలేవీ? నన్ను తిరగ్గొట్టిన సెక్షనే మన అందరికీ గట్టు.

ఊరి పేర్లకూ ఇదే లెక్క. ఊరి పేరు ఒకడి ట్రేడ్‌మార్కు కావడం కష్టం. దానికి వేరే దారి ఉంది, భౌగోళిక గుర్తింపు, జీఐ అంటాం కదా. బంగినపల్లి మామిడికి 2017లో వచ్చింది. తాండూరు కందికి 2022లో వచ్చింది, అడిగింది యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. ఒక్కడి పేరున కాకుండా ఆ ప్రాంతంలో పండించే వాళ్ళందరికీ పనికొస్తుంది. ఎఫ్‌పీఓలు ఈ వైపు చూస్తే మేలు.

నాకు కోపం ఉన్నది కన్సల్టెంట్ల మీద. పేరు చూడగానే అది తిరిగొస్తుందని వాళ్ళకు తెలుసు. ఫైల్ చేస్తే ఒక ఫీజు, అభ్యంతరం వస్తే జవాబుకు ఇంకో ఫీజు, హియరింగ్‌కు ఇంకోటి. పేరు దొరక్కపోయినా వాళ్ళ పంట పండుతుంది. లేబుల్ మీద ఆ సున్నాలో ఆర్ కూడా మావాడు చెప్పిందే, "అప్లై చేశాం కదా, వేసుకోవచ్చు" అన్నాడు. రిజిస్టర్ కాకుండా అది వేయడం చట్టవిరుద్ధం, అదే చట్టం 107వ సెక్షన్, 2024 దాకా దానికి జైలు శిక్ష కూడా ఉండేది. టీఎం అని వేసుకోవచ్చు, దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఐదు వేల లేబుళ్ళు గోడకు ఆనుకుని ఉన్నది అందుకే. జీవామృతం గురించి రెండు రోజులు శిక్షణ ఇచ్చే చోట ఈ సంగతి ఒక గంట చెప్తే ఎంతమంది డబ్బులు మిగులుతాయో.

ఇప్పుడు మా నూనె పేరు "ఏడుమెట్లు". మా చేనిలో తాతల నాటి బావికి ఏడు మెట్లున్నాయి. నూనెకూ మెట్లకూ ఏ సంబంధమూ లేదు, "ఇదేం పేరురా" అని నాన్న నవ్వాడు కూడా. సంబంధం లేకపోవడమే దాని బలం. ఈసారి ఫారం నేనే నింపా, ఎప్పటినుంచి అమ్ముతున్నామో తేదీతో సహా. 9వ సెక్షన్ అభ్యంతరం రాలేదు. జర్నల్‌లో ప్రకటించారు. నాలుగు నెలల్లో ఎవరూ అభ్యంతరం పెట్టకపోతే సర్టిఫికెట్ వస్తుంది, పదేళ్ళు చెల్లుతుంది. కొత్త లేబుల్ మీద కింద చిన్న అక్షరాలతో "కట్టె గానుగ శెనగనూనె" అనే ఉంది. ఆ మాట వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా.

మొన్న సంఘం వాళ్ళ గానుగ రోకలి చీలిందంటే మా వడ్రంగిని తీసుకుని వెళ్ళా. అక్క మజ్జిగ ఇచ్చింది. ఫోన్ సంగతి ఆమె ఎత్తలేదు, నేనే ఎత్తి తప్పైందక్కా అన్నా. "సరేలే అబ్బీ, ఆ లేబుళ్ళు ఏం చేస్తావ్?" అంది. వెనక తెల్లగా ఉన్నాయి, లెక్కలు రాసుకోవడానికి పనికొస్తాయి అన్నా. రెండు కట్టలు తమకు పంపమంది. ఈ ఆదివారం తీసుకెళ్తున్నా, వాళ్ళ గానుగ వీడియో కూడా తీసి ఇక్కడే పెడతా.