ఆక్స్‌ఫర్డు ఏలిక యెవరు?

2024 నవంబరులో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు ఛాన్సలరుగా విలియం హేగ్ ఎన్నికైరి. ఆ ఎన్నికలో పట్టభద్రులు తొలిసారిగా ఆన్‌లైనులో ఓటు వేసిరి. అయినను ఛాన్సలరుది ప్రధానముగా గౌరవపదవి. ఆ విద్యాపీఠమును నిజముగా నడపువారెవరో తెలిసికొనుట మనకు ముఖ్యము.

ఆక్స్‌ఫర్డు ఒకే సంస్థ కాదు, సంస్థల కూటమి. అందు కళాశాలలు, హాళ్లు కలిసి నలుబదికి పైగా కలవు. వానిలో పెక్కింటికి స్వంత ఆస్తి, స్వంత నిబంధనలు, స్వంత పాలకవర్గము ఉన్నవి. బి.ఎ. విద్యార్థిని చేర్చుకొనుట, వసతి కల్పించుట, ఇద్దరు ముగ్గురిని ఎదుట కూర్చుండబెట్టుకొని పాఠము చెప్పుట కళాశాల పని. ఉపన్యాసములు, ప్రయోగశాలలు, పరీక్షలు, పట్టప్రదానము విశ్వవిద్యాలయము పని. అధ్యాపకులు పెక్కురు రెండింటికిని చెందినవారే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వైస్ ఛాన్సలరు పదవి నుండి 1936లో అచటి కేగిన సర్వేపల్లి రాధాకృష్ణన్ విశ్వవిద్యాలయమున ఆచార్యులు, ఆల్ సోల్స్ కళాశాలలో ఫెలో.

నిత్యవ్యవహారములను వైస్ ఛాన్సలరు అధ్యక్షతన కౌన్సిలు చూచును. తుది అధికారము మాత్రము 'కాంగ్రిగేషన్' అను సభది. బోధకులు, పరిశోధకులు, ఇతరోద్యోగులు అయిదువేలకు పైబడి అందు సభ్యులు. విద్యకు నిధులు తగ్గించిన ప్రధానమంత్రి మార్గరెట్ థాచర్‌కు గౌరవ డాక్టరేటు ఈయరాదని 1985లో 738–319 ఓట్లతో నిర్ణయించినది ఈ సభయే. కౌన్సిలులో బయటివారికి ఆధిక్యము కల్పింపవలెనని వైస్ ఛాన్సలరు తెచ్చిన ప్రతిపాదన 2006లో వీగిపోయినది.

ఈ పద్ధతిలో లోపములు లేకపోలేదు. నిర్ణయములు మందగతిని నడచును. కళాశాలల సంపదలో హస్తిమశకాంతరము కలదు. ధనిక కళాశాలల చందాతో పేద కళాశాలలకు సాయము చేయు ఏర్పాటున్నను ఆ అంతరము తొలగలేదు.

మన దేశమున 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో వెలసిన విశ్వవిద్యాలయములు లండను మాదిరిని పుట్టినవి. పరీక్షించుట వాని పని, బోధించుట అనుబంధ కళాశాలల పని. పైకి ఆక్స్‌ఫర్డును పోలినను లోన భేదము గొప్పది. అచట కళాశాల భాగస్వామి, ఇచట విధేయ. నేడు మన కళాశాలలు కొన్ని స్వయంప్రతిపత్తి పొంది పాఠ్యప్రణాళికను, పరీక్షలను తామే నిర్ణయించుకొనుచున్నవి. ఇది మేలైన మార్పే. కాని ఆ స్వేచ్ఛ యాజమాన్యపు గది గడప దాటి తరగతిలోని అధ్యాపకునకు అందినదా? పాలించు సభలో బోధించువాని ఓటునకు విలువ లేనిచో స్వయంప్రతిపత్తి పేరునకే మిగులును.