కంప్యూటరు చదువుకు బి.ఏ. పట్టమా?

మొన్నటి వేసవిలో ఒక ఆదివారం తెల్లవారుజామున అమెరికా నుండి మా అబ్బాయి ఫోను చేశాడు. కుశలప్రశ్నలు లేవు. "నాన్నగారూ, మీ మనవరాలికి మీరైనా చెప్పండి. పెద్ద యూనివర్సిటీలో ఇంజనీరింగు సీటు వదులుకొని రెండు వేల మంది కూడా లేని కాలేజీలో కంప్యూటర్ సైన్సు చదువుతానంటోంది. నాలుగేళ్ల తరువాత చేతికి ఇచ్చేది బి.ఏ. పట్టా!" అన్నాడు. ఆ "బి.ఏ." అన్న రెండక్షరాలను వాడు పలికిన స్వరం నాకు చిరపరిచితం. ముప్పై నాలుగేళ్లు పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేసినవాణ్ణి. "తెలుగు మాస్టారు" అనే మాటను లోకులు ఆ స్వరంతోనే పలికేవారు.

వారం తిరగకుండా బంధువర్గమంతా నాకు హితబోధ చేసింది. "లిబరల్ ఆర్ట్స్ కాలేజీలంటే బొమ్మలు గీసేవాళ్లు, నాటకాలాడేవాళ్లు చదివేవి కదా, అక్కడ కంప్యూటరేమిటి?" అని ఒకరు. "పిల్లకు తెలియకపోతే పెద్దలకైనా తెలియవద్దా?" అని ఇంకొకరు. విద్యాధికుల ఇళ్లలోనే ఇంత అజ్ఞానం ఇంత ధీమాగా తిరుగుతూ ఉంటే ఊరుకోవడం నాకు చేతకాలేదు. శాస్త్రచర్చలో పూర్వపక్షాన్ని ముందుంచి ఆపైన సమాధానం చెప్పడం మర్యాద. ఆ మర్యాదనే పాటిస్తాను.

మొదటి ఆక్షేపణ పేరును గురించి. "ఆర్ట్స్" అనగానే మనవాళ్లకు చిత్రలేఖనం స్ఫురిస్తుంది, లేదా ఇంటరులో లెక్కలు రానివాళ్లు తీసుకొనే గ్రూపు స్ఫురిస్తుంది. మధ్యయుగపు ఐరోపాలో లిబరల్ ఆర్ట్స్ ఏడు: వ్యాకరణం, తర్కం, వక్తృత్వం ఒక జట్టు, అంకగణితం, రేఖాగణితం, ఖగోళం, సంగీతం రెండవ జట్టు. లెక్కించి చూడండి, గణితసంబంధమైనవే ఎక్కువ. స్వతంత్రుడైన పౌరుడికి తగిన విద్యలని ఆ పేరుకు అర్థం. బానిసలకు ఆ చదువు లేదన్న మచ్చ కూడా ఆ పేరులోనే ఉంది, దాన్ని నేను దాచను. మనకూ అరవైనాలుగు కళలున్నాయి. బాణుని కాదంబరిలో ఈ కళల ప్రస్తావన ఉన్నదని 2020 నాటి జాతీయ విద్యావిధానపత్రమే గుర్తు చేసింది. వ్యాకరణమూ తర్కమూ గణితమూ కలిసిన చోట కంప్యూటరు శాస్త్రానికి చోటు లేదనడం, పెళ్లిపందిట్లో పెళ్లికొడుక్కి పీట లేదనడం వంటిది.

ఇక పట్టా పేరు. ఈ కళాశాలల్లో చాలావాటిలో భౌతికశాస్త్రం చదివినా, చరిత్ర చదివినా, కంప్యూటరు శాస్త్రం చదివినా ఇచ్చేది బి.ఏ.యే. అది ఆ సంస్థల సంప్రదాయమే తప్ప చదువుకు కొలత కాదు. మన దేశపు మూడేళ్ల బి.ఏ.ను మనసులో పెట్టుకొని ఆ నాలుగేళ్ల బి.ఏ.ను తూచరాదు.

రెండవ ఆక్షేపణ: "అక్కడ ఆ శాస్త్రం నామమాత్రం." దీనికి చరిత్రే సమాధానం. గ్రేస్ హాపర్ 1928లో వాసర్ అనే మహిళా కళాశాలలో గణితం, భౌతికశాస్త్రం చదివి పట్టా పుచ్చుకొన్నది. తరువాత అక్కడే పాఠం చెప్పింది. గణితపు తరగతిలో పిల్లలచేత వ్యాసం వ్రాయించి భాషను దిద్దేది. "ఇది లెక్కల తరగతి కదా" అని వారు మొరపెట్టుకొంటే, ఎదుటివారికి చెప్పలేని లెక్క ఎందుకు పనికివస్తుందన్నది ఆమె వాదం. ఆ హాపరమ్మే 1952లో తొలి కంపైలరును నిర్మించింది. ఇంగ్లీషు మాటలతో ప్రోగ్రాము వ్రాయవచ్చునని పట్టుబట్టి, కోబాల్ భాషకు దారి వేసింది. భాష మీద శ్రద్ధ ఉన్న లెక్కల పంతులమ్మకు తట్టిన ఆలోచన అది. ఇంటెల్ స్థాపకులలో ఒకడైన రాబర్ట్ నాయిస్ 1949లో గ్రిన్నెల్ అనే చిన్న కళాశాల నుండి బయటికి వచ్చినవాడు. డార్ట్‌మత్‌లో కెమెనీ, కర్ట్జ్ అనే ఇద్దరు గణితాచార్యులు 1964లో బేసిక్ భాషను తయారు చేసింది ఇంజనీర్ల కోసం కాదు, సాహిత్యమూ చరిత్రా చదివే పిల్లలకు కూడా కంప్యూటరు అందాలని.

ఆనాటి పెద్దల మాట అటుంచి పాఠ్యప్రణాళిక చూద్దామా? గిబ్స్, టక్కర్ అనే ఆచార్యులు ఇటువంటి కళాశాలలకు తగిన కంప్యూటరు శాస్త్రప్రణాళికను 1986లోనే ప్రకటించారు. పరికరాలు మారిపోతూ ఉంటాయి కనుక మూలసూత్రాలను పట్టుకోవాలన్నది ఆ మార్గం. హార్వీ మడ్ కళాశాలలో 2006 ప్రాంతంలో మొదటి కోర్సును తిరగవ్రాశారు. ముందే ప్రోగ్రాములు వ్రాయడం వచ్చినవారిని, రానివారిని వేరు తరగతులలో కూర్చోబెట్టారు. సమస్యలను విజ్ఞానశాస్త్రాల నుండి, నిజజీవితం నుండి తెచ్చి ఇచ్చారు. ఆ శాఖలో నూటికి పది మంది ఉండే ఆడపిల్లలు కొన్నేళ్లలోనే నలభై దరిదాపులకు వచ్చారు. తెలివి ముందూ ఉన్నది, మారినది బోధన. బడిపంతులుగా నాకు ఇంతకన్న గొప్ప ప్రమాణం అక్కరలేదు.

మూడవది అన్నిటికన్నా గట్టిగా వినిపించే ఆక్షేపణ: "మిగతా సబ్జెక్టులన్నీ కాలయాపన." అక్కడ నాలుగేళ్లలో సుమారు ముప్పైరెండు కోర్సులుంటే కంప్యూటరు శాస్త్రానివి మూడోవంతు. తక్కినవి భాషలు, తత్త్వం, గణితం, ఆర్థికశాస్త్రం వగైరా. ఈ తక్కినవి ఎందుకన్నదే ప్రశ్న. మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను.

పోయిన దసరాకు మా మనవరాలు పద్యపాదానికి గురులఘువులు గుర్తించే ప్రోగ్రాము వ్రాసింది. దీర్ఘాక్షరం గురువు, సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు అని నేను చెప్పినవే సూత్రాలు. ప్రోగ్రాము చకచకా నడిచింది, తప్పులూ చకచకా వచ్చాయి. "వాని ప్రాణము" అన్నచోట "ని"ని గురువన్నది. తెలుగులో వేరే పదం సంయుక్తంతో మొదలైతే దాని ముందరి అక్షరం లఘువుగానే ఉంటుంది. అదే "జనప్రాణము" అంటే సమాసం కనుక "న" గురువవుతుంది. పిల్ల కాసేపు ఆలోచించి, "తాతయ్యా, ఇది సమాసమో కాదో మిషనుకు ఎలా తెలుస్తుంది?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు ప్రోగ్రామింగు పుస్తకంలో లేదు, వ్యాకరణంలో ఉంది. ఆ తప్పును పట్టడానికి ముందు ఆ భాష వచ్చి ఉండాలి. వైద్యానికి, న్యాయానికి, బ్యాంకుకు వ్రాసే ప్రోగ్రాముల గతీ ఇంతే. తప్పు యంత్రానిది కాదు, లోకజ్ఞానం లేకుండా సూత్రం చెప్పినవాడిది.

2022 చివర చాట్‌జీపీటీ వచ్చిన తరువాత ప్రోగ్రాము వ్రాసే శ్రమలో చాలా భాగాన్ని యంత్రమే మోస్తున్నది. అది వ్రాసినది సరా కాదా అని నిర్ణయించే పని మాత్రం మనిషికే మిగిలింది. వ్రాయడం ఒక్కటే నేర్చినవాడు ఈ పనికి ఎలా నిలుస్తాడు?

ఇక న్యాయంగా ఒప్పుకోవలసినవి. ఈ కళాశాలలు ఖరీదైనవి. ఏడాదికి అన్నీ కలిపి 80,000 డాలర్లు దాటినవి చాలా ఉన్నాయి. సంపన్నమైన కళాశాలలు అవసరాన్ని బట్టి సహాయం చేస్తాయి గాని అందరికీ అందదు. ఆచార్యులు కొద్దిమందే కనుక పైస్థాయి కోర్సులు కొన్ని ఏడాది విడిచి ఏడాది వస్తాయి. పెద్ద పరిశోధనాగారాలుండవు. అప్పు చేసి, ఇల్లు తాకట్టు పెట్టి చేర్చమని నేను ఎవరికీ చెప్పను. స్టీవ్ జాబ్స్ రీడ్ కళాశాలలో అక్షరలేఖనం నేర్చాడు కనుక అందరూ నేర్వాలనే ఉపన్యాసకులతోనూ నాకు పొత్తు లేదు. ఒక్క దృష్టాంతం ప్రమాణం కాదు. పైగా ఆయన ఆ కళాశాల చదువు మానేసినవాడు. నా వాదమల్లా ఒక్కటే: కాదనదలిస్తే ఖర్చు చూసి కాదనండి, పేరు చూసి కాదనకండి.

మన తెలుగునాట ఈ మాటకు మరీ అవసరముంది. ఎంసెట్టు పేరు మారి ఈఏపీసెట్ అయింది గాని ర్యాంకు రాగానే సీఎస్ఈ తప్ప మరో బ్రాంచి పేరెత్తని ఆత్రం మారలేదు. ఆంధ్రలోనే శ్రీసిటీలో 2018లో క్రియా విశ్వవిద్యాలయం వెలిసింది, లిబరల్ ఆర్ట్స్ పద్ధతిలో కంప్యూటరు శాస్త్రం చెబుతున్నది. మన ఇళ్లలో ఎందరికి తెలుసు? కోటి విద్యలు కూటికొరకే అన్న సామెత నేనూ ఎరుగుదును. ఆ సామెతలోనే కోటి అన్నారు గాని ఒకటే అనలేదు.

చివరగా ఒక నేరం ఒప్పుకోవాలి. మా అబ్బాయికి చిన్ననాడు చరిత్ర అంటే ప్రాణం. శాసనాల నకళ్లు నోటుబుక్కులో వ్రాసుకొని వచ్చి నాచేత చదివించుకొనేవాడు. తెలుగు మాస్టారి కొడుకు మరో పంతులు కారాదని నేనే వాణ్ణి ఇంజనీరింగులోకి తోశాను. ఆ నోటుబుక్కు ఏమైందో నేను అడగలేదు, వాడు చెప్పలేదు. వాడు "బి.ఏ." అన్నప్పుడు విన్న స్వరం నాదే. నేను నేర్పినదే.

అందుకే వాడితో, "నాయనా, నీ విషయంలో నేను చేసిన తప్పు దాని విషయంలో నువ్వు చేయకు" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఫోను పెట్టేశాడు. పిల్ల ఆగస్టులో ఆ చిన్న కాలేజీలోనే చేరింది. మొదటి సెమిస్టరులో ప్రోగ్రామింగుతోపాటు భాషాశాస్త్రం తీసుకొన్నదట. మా అబ్బాయి నాతో ఇంకా ముభావంగానే ఉన్నాడు. ఉండనివ్వండి. తండ్రి మాట వినడం కంటే కూతురు మాట వినడం కష్టం. ఆ కష్టమైన పని వాడు చేశాడు.