విశ్రాంతి ఎవరికండీ?

ఉద్యోగ విరమణ దగ్గర పడుతుంటే మగవారి కళ్ళకి ప్రపంచ పటం కొత్తగా కనపడుతుంది కాబోలు. పూర్వం కాశీ అనేవారు. తర్వాత తిరుపతి అన్నారు, బెంగుళూరు అన్నారు. ఇప్పుడు థాయిలాండ్ అంటున్నారు, మలేషియా అంటున్నారు, రెండు అమెరికాల నడుమ సన్నటి పేలికలా వుండే పనామా అంటున్నారు. అమెరికాలో, ఇంగ్లండులో ముప్ఫై నలభై ఏళ్ళు పనిచేసి పింఛను వయసుకి వచ్చిన జంటల ఇళ్ళలో ఈ మాట బాగా వినబడుతోంది. తెల్లవాళ్ళు మొదలుపెట్టిన ముచ్చట. అక్కడ స్థిరపడ్డ మనవాళ్ళ నోళ్ళలోకీ వచ్చింది. "ఈ చలిలో మంచు తవ్వుకుంటూ ఎన్నాళ్ళని? వెచ్చటి దేశానికి పోదాం. ఇక్కడి డబ్బుకి అక్కడ రాజాలా బతకొచ్చు" అంటాడాయన. దానికి ఆవిడేమన్నదో మాత్రం ఎవరూ రాయరు.

ఇది ఇవాళ పుట్టిన అలవాటేం కాదులెండి. వానప్రస్థానికి బయల్దేరే పెద్దమనిషికి మనుస్మృతి రెండు దారులు చూపించింది. భార్యని కొడుకులకి అప్పగించైనా పోవచ్చు, వెంటబెట్టుకునైనా పోవచ్చు. "మీరు వెళ్ళి రండి, నేను మా చెల్లెలి దగ్గరుంటాను" అనే మూడో దారి ఆవిడకి లేదు.

నా పేచీ అంతా ఇక్కడే. వెచ్చటి దేశాలకి వెళ్ళొద్దని నేననను. వేసే లెక్క ఎవరి పేరు మీద వేస్తున్నారు, ఎన్నేళ్ళ వయసు దాకా వేస్తున్నారు అని అడుగుతాను. నేను చూసిన లెక్కలన్నీ అరవై రెండేళ్ళ మొగుడికీ, అరవయ్యేళ్ళ పెళ్ళానికీ వేసినవే. ఇద్దరూ కలకాలం అదే వయసులో, అదే ఆరోగ్యంతో, పక్కపక్క పడక కుర్చీల్లో కూచుని వుంటారు. ఎనభై రెండేళ్ళ ఒంటరి ఆడదాని లెక్క ఏదండీ? దాదాపు ప్రతి దేశంలోనూ ఆడవాళ్ళు మగవాళ్ళకంటే ఎక్కువకాలం బతుకుతున్నారు. పైగా భార్య సాధారణంగా వయసులో చిన్నది. ఆఖరున మిగిలేది ఆవిడే అని తెలిసీ ఆ లెక్క వెయ్యరు.

ముందు మంచి చెప్పుకుందాం. థాయిలాండ్ ఉత్తరాన చియాంగ్ మై అని ఒక వూరుంది, రిటైరైన విదేశీయులకి పుట్టిల్లులాంటిది. పటంలో చూస్తే మన శ్రీకాకుళానికీ ఇచ్ఛాపురానికీ మధ్య అక్షాంశం మీద వుంటుంది. మనం విసనకర్ర వూపుకుంటూ "వాన ఎప్పుడురా భగవంతుడా" అని మొత్తుకునే ఎండకి దగ్గర చుట్టమన్నమాట. ఆ ఎండకోసం డబ్బిచ్చి మరీ వస్తారు! నవ్వకండి. ఏడాదిలో నాలుగైదు నెలలు తలుపులు బిగించుకుని, గుమ్మంలో మంచు మీద జారితే తుంటి విరుగుతుందని హడలిపోతూ బతికే మనిషికి, డిసెంబరులో పల్చటి నూలు బట్టతో వసారాలో కూచోటం భోగమే. ఇంట్లో అంట్లు తోమటానికి ఒక మనిషి, వంటకి ఒక మనిషి దొరకటం అంతకంటే భోగం. నలభై ఏళ్ళు అటు ఆఫీసూ ఇటు వంటిల్లూ ఈదిన ఆడదానికి, పొద్దున్నే ఎవరో కాఫీ కలిపి చేతికివ్వటం ఎంత భాగ్యమో మీకు నేను చెప్పాలా?

అసలు కారణం వేరే వుంది. అమెరికాలో ముసలివాళ్ళ ప్రభుత్వ బీమా, మెడికేర్ అంటారు, ఆస్పత్రి ఖర్చులు పెట్టుకుంటుంది గాని, స్నానం చేయించటం, అన్నం తినిపించటం, రాత్రి లేచి పట్టుకోటం లాంటి దీర్ఘకాలపు పరిచర్యకి డబ్బివ్వదు. ఆ పరిచర్య కొనుక్కోబోతే జీవితమంతా కూడబెట్టింది నాలుగేళ్ళలో హరించుకుపోతుంది. సొంత దేశంలో ముసలి కావటానికి స్తోమతు లేక పరాయి దేశం పోతున్నారు, ఎండ మీద మోజుతో కాదు. స్విట్జర్లాండ్ నుంచి ఒకాయన, మతిమరుపు జబ్బు పట్టిన తల్లిని చియాంగ్ మై తీసుకొచ్చి, ఆ తర్వాత అటువంటి వాళ్ళకోసం అక్కడ ఒక నివాసమే పెట్టారు. ఒక్కొక్కరికీ ముగ్గురేసి పరిచారికలు రాత్రింబవళ్ళు వంతులవారీగా కనిపెట్టుకుని వుంటారట. వాళ్ళ దేశంలో కోటీశ్వరుడికి తప్ప అంత సేవ సాధ్యమా? కాబట్టి వెళ్ళేవాళ్ళని నేను తప్పు పట్టను. డబ్బున్న దేశాలు తమ ముసలివాళ్ళని ఇలా ఎగుమతి చేయటం మాత్రం సిగ్గుచేటు.

ఇక కరపత్రాల్లో లేని సంగతులు. కరపత్రంలో కొబ్బరిచెట్టు వుంటుంది, దోమ వుండదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చియాంగ్ మై చుట్టూ పొలాల్లో చెత్త తగలబెట్టి, అడవులంటుకుని, ఊరంతా పొగ కమ్ముకుని ఉబ్బసం మనిషికి ఊపిరాడదని వుండదు. సరే, పొగా దోమా మనకి తెలియనివా, పోనిద్దాం. చట్టం సంగతి చూడండి.

థాయిలాండ్‌లో రిటైరై వుండాలంటే యాభై ఏళ్ళు నిండాలి. అక్కడి బ్యాంకులో 8 లక్షల బాత్‌లు (మన డబ్బులో 20 లక్షలకి పైనే) చూపించాలి, లేదా నెలకి 65 వేల బాత్‌ల రాబడి చూపించాలి. ఆ 8 లక్షలు వాడుకుందామంటే కుదరదు, అందులో సగమైనా ఏడాది పొడుగునా ఖాతాలో కదలకుండా పడివుండాలి. అనుమతి ఒక్క ఏడాదికే, ఏటేటా పొడిగించుకోవాలి. 90 రోజులకోసారి "నేను ఫలానా చోటే వున్నాను" అని తెలియజేసుకోవాలి. పనిచేసి సంపాదించటానికి వీల్లేదు. విదేశీయుడి పేర భూమి కొనటానికి వీల్లేదు. బహుళ అంతస్తుల భవనంలో వాటా కొనుక్కోవచ్చు గాని, మొత్తం భవనంలో విదేశీయుల భాగం 49 శాతం దాటకూడదు.

ఇప్పుడు ఆవిడ సంగతి. ఇద్దరికీ విడివిడిగా 8 లక్షలు ఎక్కడ తెస్తాంలే అని చాలామంది, అర్హత ఆయన పేర పెట్టి, ఆవిడని ఆయనకి అనుబంధంగా రాయిస్తారు. పెళ్ళి శుభలేఖల్లో "శ్రీమతి అండ్ శ్రీ" లాగా అన్నమాట. ఆయన బతికున్నంత కాలం చిక్కులేదు. ఆయన కన్నుమూసిన నాడు ఆవిడ మొగుణ్ణే కాదు, ఆ దేశంలో వుండే ఆధారాన్ని కూడా పోగొట్టుకుంటుంది. తన సొంత అర్హత మీద మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. దానికి డబ్బు చూపిద్దామంటే, ఖాతా ఆయన ఒక్కడి పేరనే వుంటే కోర్టు తేల్చేదాకా బ్యాంకు పైసా కదలనివ్వదు. పదకొండో రోజు తిరక్కుండానే పరాయి లిపిలో వున్న కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఆవిడకి బహుశా ఆ బ్యాంకు ఏ వీధిలో వుందో కూడా తెలిసుండదు, "ఆ వ్యవహారాలన్నీ ఆయనే చూసుకుంటారండీ" అనుకుంటూ బతికింది మరి.

పోనీ రాబడైనా అంతే వుంటుందా? అమెరికాలో భార్యాభర్తలిద్దరికీ ప్రభుత్వ పింఛను వచ్చేదనుకోండి, ఒకరు పోతే మిగిలినవారికి రెండిట్లో పెద్దదొక్కటే ఇస్తారు. రెండూ ఇవ్వరు. మనిషి సగమైనా ఇంటద్దె సగం కాదు కదా! ఇంగ్లండు వారి పద్ధతి ఇంకా విచిత్రం. వాళ్ళ ప్రభుత్వ పింఛను ఏటేటా పెరుగుతుంది. కాని థాయిలాండ్‌లోనో, మలేషియాలోనో, ఆ మాటకొస్తే మన ఇండియాలోనో వచ్చి స్థిరపడితే, వచ్చిన నాడు ఎంతో తర్వాత కూడా అంతే. ఫిలిప్పీన్స్‌లోనో, జమైకాలోనో వుంటే మాత్రం పెరుగుతుంది. ఎందుకంటే ఆ దేశాలతో ఒప్పందం వుంది, వీటితో లేదు. అరవై అయిదేళ్ళప్పుడు పుష్కలంగా కనిపించిన డబ్బు ఎనభై అయిదేళ్ళకి ఎన్ని బియ్యం కొంటుందో ఇల్లు నడిపిన ఆడదాన్నడగండి, వేళ్ళమీద చెబుతుంది.

"థాయిలాండ్ కాకపోతే మలేషియా" అంటారా? అక్కడ 2002లో "నా రెండో ఇల్లు" అని చక్కటి పేరుతో ఒక పథకం పెట్టారు. రండి రండి అన్నారు. 2021లో ఒక్కసారిగా నిబంధనలు మార్చారు. నెలకి 10 వేల రింగిట్‌ల రాబడి చూపించమన్నవాళ్ళు 40 వేలు చూపించమన్నారు, పది లక్షల రింగిట్‌లు డిపాజిట్ అన్నారు. పాతవాళ్ళకి ఆ డబ్బు షరతులు వర్తించవని చివరికి తేల్చారు గాని, తేల్చేలోగా వాళ్ళ గుండెలు ఎంత దడదడలాడాయో! 2024లో మళ్ళీ మార్చి వెండి, బంగారం, ప్లాటినం అని తరగతులు పెట్టారు, నగల కొట్టులోలాగా. వాళ్ళ దేశం, వాళ్ళ ఇష్టం, అనటానికి మనమెవరం? కాని రెండో ఇల్లు అన్నంత మాత్రాన పుట్టిల్లు అవుతుందా? పనామా కాస్త నయం, జీవితాంతం వచ్చే పింఛను నెలకి 1000 డాలర్లుంటే రమ్మంటుంది, విమానం టిక్కెట్లలో, హోటల్ బిల్లుల్లో రాయితీలు కూడా ఇస్తుంది. దూరమే కొంచెం!

"మరీ కష్టమైతే తిరిగొచ్చెయ్యొచ్చుగా" అనేవారున్నారు. వచ్చేయటం మాటలు కాదు. మెడికేర్ విదేశాల్లో వైద్యానికి సాధారణంగా పనికిరాదు. పనికిరాని దానికి నెలనెలా డబ్బెందుకని డాక్టర్ల ఖర్చులకి సంబంధించిన భాగాన్ని మానేస్తారు. తిరిగొచ్చి మళ్ళీ చేరబోతే, లేని ప్రతి నిండు ఏడాదికీ రుసుముమీద 10 శాతం జరిమానా, అదీ ఒకసారి కాదు, చేరినంతకాలం. ఇల్లమ్మేశారు. స్నేహితులు చెదిరిపోయారు. ఎక్కడికి తిరిగి రావాలి?

2012లో విడుదలైన "ది బెస్ట్ ఎగ్జాటిక్ మారిగోల్డ్ హోటల్" అనే ఇంగ్లీషు సినిమా చూసేవుంటారు. ఇంగ్లండు ముసలివాళ్ళు కొందరు చవకని జయపూర్ వస్తారు. రంగులు, ఏనుగులు, పెళ్ళి ఊరేగింపులు, అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం జూడీ డెంచ్ వేసిన పాత్ర ఎందుకు ఇండియా వచ్చిందన్నదే గుర్తుండిపోయింది. మొగుడు పోయాక తెలుస్తుంది ఆవిడకి, ఆయన అప్పులు మిగిల్చిపోయాడని. ఇల్లమ్మి తీర్చింది. ఆ సినిమా వేడుకంతా ఆ ఒక్క చెప్పని లెక్క మీద నిలబడింది సుమండీ! జయపూర్ అందాల గురించి మాట్లాడుకున్నంత ఆ లెక్క గురించి ఎవరైనా మాట్లాడుకున్నారా?

భాష మాట ఒకటి చెప్పి తీరాలి. మతిమరుపు జబ్బు ముదిరినవాళ్ళలో తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోయి, చిన్ననాటి భాష మిగలటం తరచు కనిపించేదే. ఇప్పుడు మన తెనాలి ఆవిణ్ణి ఊహించుకోండి. నలభై ఏళ్ళు న్యూజెర్సీలో ఇంగ్లీషు మాట్లాడింది. థాయిలాండ్‌లో ఎనభయ్యో ఏట ఆ ఇంగ్లీషు పోయింది. "దాహం" అంటుంది. పక్కనున్న పిల్ల ఎంత మంచిదైనా, ఎంత ప్రేమగా నవ్వినా, దాహమంటే ఏమిటో ఆ పిల్లకెలా తెలుస్తుంది?

అన్నట్టు, ఆ పిల్ల ఎవరు? థాయిలాండ్‌లోనే ఏదో పేద పల్లె నుంచి వచ్చి వుంటుంది, లేదా సరిహద్దు దాటి బర్మా నుంచి వచ్చి వుంటుంది. ఆ పిల్లకీ ఒక తల్లి వుంది, ఊళ్ళో. ఆ తల్లి మోకాళ్ళకీ నొప్పులున్నాయి. ఇది మనకి అర్థంకాని సంగతేం కాదు. కడప నుంచి, గోదావరి జిల్లాలనుంచి మన ఆడవాళ్ళు కువైట్ వెళ్ళి ఎవరి పిల్లల్నో, ఎవరి ముసలివాళ్ళనో సాకుతూ, తమ పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలేసి డబ్బు పంపటం లేదూ? చవక, చవక అంటారే, అది ఎవరో ఒక ఆడదాని జీతంలోంచి మిగిలిన చవక. పోయేవాళ్ళు ఆ జీతం దగ్గర మాత్రం బేరమాడకుండా వుంటే బాగుండును.

ఇంతా చెప్పాక కూడా, వెళ్ళాలనుకునే ఆవిడ వుంటే నేను అడ్డుపడను. చలికి కాళ్ళు బిగుసుకుపోయి, కొడుకూ కోడలూ ఏడాదికోసారి ఫోటోలు పంపేచోట కూచునేకంటే మేలు కావచ్చు. కాని ఆయన మేజా మీద పటం పరిచి, కళ్ళజోడు సర్దుకుని, "ఇదిగో చూశావా, నెలకింత అద్దె, ఇంత వంటమనిషికి, ఇంత విహారాలకి" అని చదువుతున్నప్పుడు కాఫీ కప్పు అక్కడపెట్టి ఎదురుగా కూచోండి. నా పేర విడిగా అనుమతి వుంటుందా, ఖాతాలో నా డబ్బెంత, మీరు పోయిన నెల నాకొచ్చేదెంత, ఇల్లు ఎవరి పేరన వుంది, నాకు తిరిగిరావాలనిపిస్తే టిక్కెట్టు డబ్బూ తలదాచుకునే చోటూ ఎక్కడున్నాయి, ఇవన్నీ అడగండి. "శుభమా అని బయల్దేరుతుంటే అపశకునపు మాటలేమిటి?" అని ఆయన విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. కలం ఆయన చేతిలోనే వుందిగా, ఆ కాగితం కిందనే ఇంకో వరసలో ఈ అంకెలు కూడా వేయమనండి. ఆ తర్వాతే అటకమీంచి పెట్టె దింపటం.