అల్లిక మనసుకు మంచిదే, మరి కూలి మాటేమిటి?

ఈ మధ్య మహిళలకు ఏ శిక్షణా శిబిరం పెట్టినా ఒక పూట మానసిక ఆరోగ్యానికి కేటాయిస్తున్నారు. సంతోషమే. మనం ఎంతోకాలంగా అడుగుతున్నదే అది. తీరా ఆ పూట జరుగుతున్నదేమిటి? రంగుకాగితాలు, సూదులు, దారాలు పంచుతారు. పువ్వులు చేయించి ఫొటోలు తీస్తారు. "ఖాళీ సమయంలో ఏదో ఒకటి అల్లుకోండమ్మా, దిగులు తగ్గుతుంది" అని చెప్పి పంపేస్తారు. ఈ సలహాలో నిజం ఉంది. ఆ నిజం చాటున దాగుతున్నదాన్ని గురించే మనం మాట్లాడుకోవాలి.

నిజమెంతో ముందు ఒప్పుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2019లో 3,000కు పైగా అధ్యయనాలను పరిశీలించి, కళలు ఆరోగ్యానికి తోడ్పడతాయని ప్రకటించింది. అది మన అనుభవమే. చేతులు ఒక లయలో కదులుతుంటే మనసు కాసేపు కుదుటపడుతుంది. పొద్దస్తమానం చేసినా కనిపించని ఇంటిచాకిరీ మధ్య, పూర్తయి కళ్ళెదుట నిలిచే వస్తువు ఒకటి దొరుకుతుంది. నలుగురు ఆడవాళ్ళు కలిసి కూర్చుంటే నోట్లోని మాట బయటికొస్తుంది.

మరి ఆ ఖాళీ సమయం ఏది? 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పనికే వెచ్చిస్తున్నారు. ఆ పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. ఈ తేడాను కదిలించకుండా "మీకోసం కాస్త సమయం పెట్టుకోండి" అనడం, ఆమె నిద్రలోంచి ఇంకో గంట కోసుకోమనడమే.

"ఖాళీ సమయం" అనే మాట ఎంత ప్రమాదకరమో నర్సాపురం లేసు చెబుతుంది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఈ అల్లికను గోదావరి జిల్లా స్త్రీలు తరతరాలుగా చేస్తున్నారు. వారిమీద మరియా మీస్ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. రోజుకు గంటల తరబడి కళ్ళు పొడుచుకుని అల్లినా వాళ్ళను ఎవరూ కార్మికులనలేదు. ఇంటిపట్టున తీరికవేళ లేసు అల్లుకునే గృహిణులన్నారు. ఆ ఒక్క మాటతో వాళ్ళ కూలి వ్యవసాయ కూలీ స్త్రీల కనీస వేతనం కన్నా కిందికి దిగజారింది. లేసు విదేశాలకు వెళ్ళింది, లాభం మగ వ్యాపారుల చేతికి వెళ్ళింది. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు లేసుకు సరే, అల్లే మనిషికి ఎప్పుడు?

ఆ "గృహిణి" అన్న మాటే ఇంకోచోట కూడా కనిపిస్తుంది. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో 2021లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న గృహిణులు 23,178 మంది. హింస, అప్పు, ఒంటరితనం, చెప్పుకునే దిక్కు లేకపోవడం – వీటికి సూదీ దారం విరుగుడా? ఆమెకు కావలసింది డాక్టరు, మందు, తలదాచుకునే చోటు, తన పేర ఆస్తి. వాటికి బదులుగా కుట్లు నేర్పి చేతులు దులుపుకోవడాన్ని వైద్యమని ఒప్పుకోలేం.

చట్టం మన పక్కనే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ వైద్యసేవ పొందడాన్ని హక్కుగా చెప్పింది. మానసిక చికిత్సాలయంలో ఉన్నవారిచేత బలవంతాన పని చేయించరాదనీ, చేసిన పనికి తగిన ప్రతిఫలం ఇవ్వాలనీ కూడా చెప్పింది. అంటే "చికిత్స" పేరుతో బుట్టలు అల్లించి ఊరికే తీసుకోవడం చెల్లదు. ఆసుపత్రి లోపల చెల్లనిది బయట ఎలా చెల్లుతుంది?

కళ నిజంగా మనసుకు బలమివ్వడం చూడాలంటే చిలీ వైపు చూడండి. 1973లో సైన్యం అధికారం లాక్కున్నాక భర్తలు, బిడ్డలు మాయమైన స్త్రీలు శాంటియాగోలో చర్చి నీడన చేరి, గుడ్డపీలికలతో చిత్రాలు కుట్టారు. అందులో పువ్వులతో పాటు పోలీసులనూ, ఖాళీ గిన్నెలనూ, తప్పిపోయినవారినీ కుట్టారు. అవి అమ్మగా వచ్చిన డబ్బు ఇల్లు నడిపింది. దుఃఖం పంచుకున్నారు, నిజం ప్రపంచానికి చెప్పారు. నోరు మూయించడానికి కాదు, నోరు విప్పడానికి ఆ సూది పనికొచ్చింది.

కాబట్టి శిబిరాలు నడిపే మిత్రులకు మన మాట ఇది. ఏం చేయాలో, చేయాలో వద్దో ఆమెనే నిర్ణయించుకోనివ్వండి. ఆ సమయానికి పిల్లలను చూసుకునే ఏర్పాటు చేయండి. అమ్ముడుపోయే వస్తువైతే లెక్క ఆమె ముందు పెట్టి, కనీస వేతనానికి తగ్గకుండా ఇవ్వండి. అమ్మడానికి కాకపోతే, ఎవరి మెప్పూ అక్కర్లేకుండా, వంకరటింకరగానైనా చేసుకోనివ్వండి. మాటల్లో హింస బయటపడితే వెంట నడిచే మనిషినీ, వెళ్ళదగిన ఆసుపత్రినీ ముందే సిద్ధం చేసుకోండి. ఇవేవీ లేకుండా రంగుకాగితాలు మాత్రం పట్టుకొస్తే, వాటిని అక్కడే వదిలి ఈ ప్రశ్నలు అడగమని మన స్త్రీలకు చెబుదాం.