అలిగిందని ఎవరన్నారు?

ఈ వారం మా కర్రోణ్ణి కొట్టాను. ఆదివారం అనుబంధాన్ని చుట్టచుట్టి మరీ కొట్టాను. అందులో ఈ శీర్షిక కూడా ఉంది. నా రాతకు ఇంతకన్నా పెద్ద ప్రయోజనం లేదనేవాళ్ళు ఎటూ ఉన్నారు గనక ఆ సంగతి వదిలేద్దాం.

కర్రోడంటే మా కుక్క. నిరుడు కార్తీకంలో తుపాను వానకి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్కూటర్ కింద దూరిన నల్లటి నాటుపిల్ల. ఇప్పుడు పదకొండో నెల. ఊరందరికీ అది, మా ఇంట్లో మాత్రం వాడు.

ఆదివారం రాత్రి పదింటికి మొదలుపెట్టాడు. మొరగడం కాదు. ముక్కుతో సన్నగా, తీగ సాగదీసినట్టు, కుంయ్‌మని. ఆగుతాడు, మళ్ళీ అందుకుంటాడు. పెరుగన్నం పెడితే వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. మెడపట్టీ వేయబోతే, మా ఇంటికొచ్చాక మొదటిసారి, నా మీద గుర్రుమన్నాడు. ముందుకాలితో మూతి రుద్దుకుంటాడు, తలుపు దాకా వెళ్తాడు, వస్తాడు, పడుకుంటాడు, లేస్తాడు. తెల్లవార్లూ ఇదే వరస.

పొద్దున్నే పంచాంగ శ్రవణం మొదలైంది. ఎదురుగా చవితి పందిరి, ఆ మైకులకి జడుసుకున్నాడంది మా ఆవిడ. "వాటికి మనకి కనపడనివి కనపడతాయండి బాబూ" అన్నాడు వాచ్‌మన్, గొంతు తగ్గించి. పై అంతస్తు పిన్నిగారు మెట్ల మీదే తేల్చేసింది: "అలిగిందయ్యా! శనివారం దాన్నొదిలేసి తెనాలి పోయి రాత్రికి గానీ రాలేదుగా మీరు." హైదరాబాదు నుంచి మిత్రుడు ఫోన్లో, "వయసొచ్చిందిరా, అది పొగరు. రెండు తగిలించు, దార్లోకొస్తుంది" అన్నాడు. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో, ఫలానా ఫ్లాట్ వారు తమ పెట్‌ను కంట్రోల్‌లో పెట్టుకోవలసిందిగా మనవి అని ఓ సందేశం. దాని కింద పద్నాలుగు బొటనవేళ్ళు.

నేను నలుగురు చెప్పిందీ విన్నాను. అమలు చేసింది మాత్రం మిత్రుడి మాట. కర్రోడు ఎదురు తిరగలేదు. బల్ల కిందికి పోయి గోడవైపు మొహం పెట్టి పడుకున్నాడు. గిన్నె తిరిగివ్వడానికి వచ్చిన పిన్నిగారు వంగి చూసి, "చూశావా, అలకే" అంది.

నా కోపమంతా ఈ మాట మీదే. సత్యభామ అలిగిందంటే అర్థముంది. కొత్తల్లుడు అలిగాడంటే అందులో స్కూటరో బంగారమో ఉంది. కుక్కకి అలకేమిటి? పక్క మీద ఉచ్చ పోస్తే పగబట్టింది అంటాం. పిలిస్తే రాకపోతే పొగరు. కుంటితే దొంగవేషం. మనకున్న దుర్గుణాలన్నీ దానికి ఉదారంగా పంచిపెట్టాం. ఈ మాటల్లో ఒక సుఖముంది మరి. అలక అనేశాక తప్పు దానిదైపోతుంది, మనం చేయాల్సింది ఏమీ మిగలదు. అలకైతే ఓ బిస్కెట్, పొగరైతే ఓ దెబ్బ. నోరు తెరిచి చూసే శ్రమ తప్పుతుంది.

ఇంగ్లండులో లింకన్ విశ్వవిద్యాలయంలో డేనియల్ మిల్స్ అనే పశువైద్యుడు ఉన్నాడు. కుక్కలూ పిల్లులూ ఎందుకలా ప్రవర్తిస్తాయన్నదే ఆయన పని. ప్రవర్తన బాగాలేదని తమ దగ్గరికి పంపిన కేసుల్ని ఆయన బృందం 2020లో తిరగేసింది. తక్కువలో తక్కువ మూడోవంతు కేసుల్లో ఏదో ఒక నొప్పి ఉంది. కొన్ని లెక్కల్లో అది 80 శాతం దాకా పోయింది. నేను 80నే పట్టుకుంటాను. శీర్షిక నాది.

మా మిత్రుడు ఊరుకుంటాడా? అదే 2020లో న్యూకాసిల్ విశ్వవిద్యాలయంవాళ్ళు చేసిన పరిశోధన నా మొహాన కొట్టాడు. ఐదు నెలలప్పుడు యజమాని కూర్చోమంటే కూర్చున్న కుక్కలు, ఎనిమిదో నెల వచ్చేసరికి ఆయన మాటకి మొరాయించాయట. అదే మాట పరాయి మనిషి చెబితే బుద్ధిగా విన్నాయట. పెంచినవాళ్ళకే తిరుగుబాటు, బయటివాళ్ళకి మర్యాద. పదహారేళ్ళ పిల్లలున్న ఇళ్ళకి ఇందులో కొత్తేం లేదు. పరిశోధనతో నాకు పేచీ లేదు, మా మిత్రుడి తీర్పుతోనే ఉంది. కూర్చోమంటే కూర్చోకపోవడం వేరు, అన్నం ముట్టకపోవడం వేరు. వయసుతో వచ్చే మార్పు వారాల మీద మెల్లగా వస్తుంది. ఆదివారం రాత్రి పదింటికి రాదు.

ఏడాది లోపు కుక్కకి నొప్పి రావడానికి దారులు తక్కువా? పాలపళ్ళు 28. నాలుగో నెల నుంచి అవి ఊడుతుంటే, ఏడో నెలకల్లా 42 గట్టిపళ్ళు చిగుళ్ళు చీల్చుకొస్తాయి. మన చెప్పులు పోయేది అప్పుడే. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి భారీ జాతుల పిల్లలకి ఎదిగే వయసులో కాళ్ళ పొడుగెముకల్లో వాపొస్తుంది. ఇవాళ ముందుకాలు కుంటితే వారం పోయాక వెనకకాలు కుంటుతుంది. "నిన్న ఆ కాలు, ఇవాళ ఈ కాలు, అంతా నటన" అనేది దాన్ని చూసే. దానికి పానోస్టియైటిస్ అని పేరు. పెరుగుదల ఆగాక చాలావాటికి తగ్గిపోతుంది, కాని అప్పటిదాకా ఆ నొప్పి నిజం. చెవులు వాలిన జాతులకి వానాకాలంలో చెవి లోపల పుండు పడుతుంది. పిడుదులు తెచ్చే జ్వరంలో ఒళ్ళు కాలి కీళ్ళు పట్టేస్తాయి. ఆడపిల్లయితే ఆరో నెల దాటాక ఎప్పుడైనా తొలిసారి ఎదకు రావచ్చు. అప్పుడు ఆ వీధిలో మగకుక్కలు కూడా తిండి మానేసి ఊళపెడతాయి. ఇక చెవి సంగతి. మనకి 20 వేల హెర్ట్జ్ దగ్గర లోకం మూగబోతే కుక్కకి దాదాపు 45 వేల దాకా వినిపిస్తుంది. ఎలుకల్ని తరిమేస్తుందని గోడకి పెట్టుకునే ప్లగ్గు మనకి నిశ్శబ్దమే, దాని చెవిలో మాత్రం రాత్రంతా మోగుతూనే ఉండొచ్చు.

మంగళవారం పొద్దున డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. కుర్రపిల్ల. వాడి మూతి చివర వేలాడుతున్న చొంగ చూసి, చేయి వేయకుండానే అడిగింది: "రేబిస్ టీకా ఎప్పుడు వేయించారు సార్?" నాకు చిన్నతనమనిపించింది. పుస్తకం తీసి చూపించాను, మూడో నెలలోనే వేయించాం. అది చూశాక తొడుగులు వేసుకుంటూ చెప్పింది. మింగలేక చొంగ కారుస్తున్న కుక్కని చూసి గొంతులో ఎముక అడ్డం పడిందనుకుని ఇంట్లోవాళ్ళు నోట్లో చేయి పెట్టేస్తారట. రేబిస్‌లో గొంతూ దవడా చచ్చుబడినప్పుడు కూడా కుక్క అచ్చం అలాగే ఉంటుందట. కరవకపోయినా ఆ చొంగ వేలి మీద గాటుకి తగిలితే చాలు. ప్రపంచంలో రేబిస్ చావుల్లో మూడోవంతుకు పైగా మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. సెప్టెంబర్ 28న రేబిస్ దినమంటూ బ్యానర్లు కడతాం. ఆ బ్యానర్ మీద ఈ ఒక్క ముక్క రాస్తే చాలు: టీకా లేని కుక్క నోట్లో చేయి పెట్టకండి, డాక్టరుకి చూపించండి.

చిన్న మత్తు సూది వేసి నోరు తెరిచింది. టార్చి పట్టుకోమంటే పట్టుకున్నాను. పై దవడ వెనక పళ్ళ మధ్య, ఈ పక్క నుంచి ఆ పక్కకి వంతెన వేసినట్టు, అంగిట్లో అడ్డంగా ఇరుక్కుని ఉంది బొమిక. రెండు కొసల దగ్గరా చిగురు ఎర్రగా ఉబ్బింది. పటకారుతో పట్టి కొంచెం తిప్పింది. టక్కున ఊడొచ్చింది. స్టీలు పళ్ళెంలో పడేస్తే చూశాను. అంగుళంన్నర మటన్ బొమిక, ఒక కొస సూదిగా చీలి ఉంది.

"ఇది ఎవరు పెట్టారు?"

మా ఆవిడ నావైపు చూసింది. శ్రావణమంతా పప్పుచారుతో లాగించినవాణ్ణి, నవరాత్రులు వెళ్ళేదాకా ఆగండంటే ఆగకుండా ఆదివారం మటన్ తెచ్చినవాణ్ణి, ఉడికిన ఎముక చీలికలవుతుంది పెట్టొద్దని వంద సార్లు చెప్పినా వినకుండా బాల్కనీలో చాటుగా పెట్టినవాణ్ణి నేనే.

మూతి రుద్దుకుంటున్నాడని పైన రాశాను, గమనించారా? ఆ రాత్రే నాకూ కనపడింది. దాని అర్థం ఏమిటని మాత్రం ఆగి ఆలోచించలేదు.

మా తాత గేదె కట్టుకొయ్య దగ్గర ముందు నెమరు చూసేవాడు. తర్వాత పేడ, ఆ తర్వాత చెవి మొదలు పట్టుకుని వేడి. అలిగిందేమో అన్న మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు. పాలివ్వని గేదె అలిగిందనుకుంటే ఇల్లు గడవదు. ఆ చూపుకి తగ్గ మాటలూ ఉండేవి. కుక్క మొరుగుతుంది, గుర్రుమంటుంది, కీచుమంటుంది, మూలుగుతుంది, ఊళపెడుతుంది, కుయ్యోమంటుంది. ఒక్కోదానికి ఒక్కో కారణం. ఇప్పుడు మనకి మిగిలింది ఒక్కటే, "అరుస్తోంది".

అసలు మా అపార్ట్‌మెంట్‌లో తొమ్మిది కుక్కలుంటే తొమ్మిదింటితోనూ ఇంగ్లీషే. సిట్, కమ్, నో, బ్యాడ్ బాయ్. ఇంగ్లీషు ముక్క రాని పిన్నిగారు కూడా కర్రోడు ఎదురైతే "గో, గో" అంటుంది. వాడు సెల్లార్‌లో స్కూటర్ కింద దొరికినవాడమ్మా, లండన్ నుంచి దిగలేదు! కొల్లేటి చుట్టూ బాతుల మందల్ని కాచిన జోనంగి కుక్కలు ఏ గ్రామరు చదివాయి? నేను ఈ గొడవ ఎత్తితే మా ఆవిడ లేచి లోపలికి పోతుంది. మీరు పోలేరు గనక ఇంకాస్త చెప్తాను.

పిల్లలతోనూ ఇంతే. మా తమ్ముడి మనవరాలికి కడుపులో ఏమొచ్చినా "టమ్మీ పెయిన్". పంటిది పెయిన్, కాలిది పెయిన్. మన భాషలో గోరుచుట్టు సలుపుతుంది, తల పోటు పెడుతుంది, చల్లనీళ్ళు తగిలితే పన్ను జివ్వుమంటుంది, పిక్కలు పీకుతాయి, నడుం కలుక్కుమంటుంది. సగం రోగం ఆ మాటలోనే తెలిసిపోతుంది. పల్లెటూరి ముసలమ్మ "మోకాళ్ళు గుంజుతున్నాయి నాయనా" అంటే, కాన్వెంటులో చదివొచ్చిన కుర్ర డాక్టరు "పెయిన్ ఉందా లేదా చెప్పమ్మా" అని కసరడం నా కళ్ళతో చూశాను. ఉన్న మాటలు వదిలేసుకుంటే వినే చెవి కూడా పోతుంది. నోరున్న ముసలమ్మ సంగతే అలా ఉంటే కర్రోడి కుంయ్ ఎవరికి అందుతుంది?

దారి తప్పానని తెలుసు, వెనక్కొస్తాను. కుర్రకుక్క హఠాత్తుగా మారిపోతే బుద్ధి గురించి కాదు, ముందు ఒంటి గురించి ఆలోచించండి. ఎప్పుడు మొదలైంది, ఆ రోజు ఇంట్లో ఏం మారింది, తిండీ నీళ్ళూ ఎలా ఉన్నాయి, ఒంటికీ రెంటికీ ఎలా వెళ్తోంది, ఎక్కడ ముట్టుకుంటే తప్పుకుంటోంది, ఓ కాగితం మీద రాసుకోండి. ఫోన్లో వీడియో తీయండి. ఇంట్లో కుంటిన కుక్క ఆసుపత్రి గడపలో భయానికి చక్కగా నడిచేస్తుంది. ముక్కు పొడిగా ఉంటే జ్వరమన్నది నమ్మదగ్గ కొలత కాదు. థర్మామీటర్‌లో 101 నుంచి 102.5 దాకా దానికి మామూలే. మనం మింగే నొప్పి మాత్ర మాత్రం వేయకండి. ఐబూప్రొఫెన్ లాంటివి దాని కడుపులో పుండ్లు పెట్టి కిడ్నీలకి ఎసరు తెస్తాయి. పొట్ట ఉబ్బి, వాంతికి తన్నుకుంటూ ఏమీ రాకపోతే, లేదా మూత్రం కట్టేస్తే, పొద్దుటిదాకా చూద్దామనుకోవద్దు. ఒంట్లో ఏమీ లేదని తేలాక భయమో, ఒంటరితనమో, వయసో అప్పుడు వెతుక్కోవచ్చు.

బొమిక ఫొటో తీసి అసోసియేషన్ గ్రూపులో పెట్టాను. పెంపుడు జంతువుల్ని నిషేధించే అధికారం అసోసియేషన్లకి లేదని జంతు సంక్షేమ మండలి 2015లోనే చెప్పిన సంగతి కూడా దాని కింద రాశాను. ఈసారి ఒక్క బొటనవేలూ లేవలేదు.

కర్రోడు మంగళవారం రాత్రి రెండు గిన్నెల పెరుగన్నం తిని గురక పెట్టాడు. బొమికని అగ్గిపెట్టెలో వేసి నా రాతబల్ల మీద పెట్టుకున్నాను. నిన్న పాత పేపర్లవాడికి వేద్దామని పేపర్లు చుట్టి తాడు కడుతున్నాను. కర్రోడు తలెత్తి చూశాడు. లేచి, చప్పుడు చేయకుండా బల్ల కిందికి వెళ్ళి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పిన్నిగారు అక్కడే ఉంది. "ఇంకా అలక తీరలేదయ్యా" అంది.