మోటారు వేగమునకు పగ్గము

బలము గల యెద్దును కొనుట సులభము; దానిని అదుపులో నుంచి నడపుటయే నేర్పు. యంత్రముల విషయమును అట్టిదే. పెట్రోలు ఇంజనును, విద్యుత్ మోటారును జతగూర్చిన ప్రియస్ అను హైబ్రిడ్ కారును టొయోటా సంస్థ 1997లో జపానునందు విక్రయింప నారంభించెను. నేడు మన పొరుగున కర్ణాటకములోని బిడదిలోను ఆ సంస్థ హైబ్రిడ్ కార్లను తయారు చేయుచున్నది. జనులు వాని మైలేజీని మెచ్చుకొందురేగాని, ఆ మోటారు వేగమునకు పగ్గ మెక్కడ నున్నదో విచారించువారు అరుదు. ఈ విద్య మన హైస్కూలు బాలబాలికలకు తప్పక అలవడవలయునని నా యభిప్రాయము.

విషయము కఠినము గాదు. విస్సన్నపేట ప్రాంతపు మామిడితోటలకు నీరు తోడెడు మోటారును తలచుకొనుడు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు గలది. ఆ సంఖ్యను 120చే గుణించి, మోటారు ధ్రువముల సంఖ్యచే భాగింపవలెను. నాలుగు ధ్రువము లున్నచో, లోపలి అయస్కాంత క్షేత్రము నిమిషమునకు 1500 మాఱులు తిరుగును; ఇరుసు దానికంటె కొంచెము వెనుకబడి తిరుగును. ఆవృత్తులను 25కు తగ్గించితిమేని వేగము సగమగును. వోల్టేజిని గూడ తదనుగుణముగా తగ్గింపవలయును; లేనిచో మోటారు వేడెక్కును. కావున ఆవృత్తియే పగ్గము.

కారు బ్యాటరీనుండి వచ్చునది ఏకముఖ విద్యుత్తు. దానికి ఆవృత్తి లేదు. ఇన్వర్టరులోని ట్రాన్సిస్టరులు సెకనుకు వేలమాఱులు తెఱచుచు మూయుచు, కోరిన ఆవృత్తిని పుట్టించును. ఇరుసు ఏ కోణమున నున్నదో ఒక సాధనము క్షణక్షణము తెలుపుచుండును. పెడలును త్రొక్కినపుడు ఎంత త్రిప్పుడు బలము కావలయునో కంప్యూటరు లెక్కించి, అంత కరెంటునే పంపును. బ్రేకు వేసినపుడు మోటారే జనరేటరై కొంత శక్తిని బ్యాటరీకి మరల చేర్చును. మదరాసులో 1895 మొదలు 1953 వఱకు విద్యుత్ ట్రాములు నడచినవి. ఆ కాలపు ట్రాములలో సాధారణముగా నిరోధకములను అడ్డుపెట్టి వేగమును తగ్గించెడివారు. అందువలన కొంత విద్యుత్తు వేడియై వ్యర్థమయ్యెడిది.

"పల్లెటూరి పిల్లల కీ విద్య యేల?" అని కొంద ఱడుగవచ్చును. రేపు ఈ కార్లను బాగుచేయవలసినవారు వారే గదా! 2003లో వచ్చిన ప్రియస్‌లో 201.6 వోల్టుల బ్యాటరీ విద్యుత్తు 500 వోల్టుల వఱకు పెంచబడుచుండెను. అట్టి విద్యుత్తు పాఱు తీగలకు నారింజరంగు తొడుగు వేయుదురు. ఇంజను మూగవోయినను, స్విచ్చి కట్టినను, ఇన్వర్టరులో కొంతసేపు విద్యుత్తు నిలిచియుండును. స్పానరు పట్టుట మాత్రమే నేర్చినవాడు జీవనోపాధినే కాదు, ప్రాణమును గూడ పోగొట్టుకొనవచ్చును.

దీనికి గొప్ప ప్రయోగశాల యక్కఱలేదు. రెండు బొమ్మకారు మోటారుల ఇరుసులను రబ్బరు గొట్టముతో కలిపి, ఒకదానిని టార్చి సెల్లులతో త్రిప్పుడు. రెండవదాని తీగలను ఒకదానితో నొకటి తాకించినతోడనే మొదటిదాని వేగము తగ్గును. మోటారే జనరేటరగుటయు, జనరేటరే బ్రేకగుటయు పిల్లలు కన్నులార చూచెదరు.

ఉపాధ్యాయులారా, సూత్రమును వల్లె వేయించుటతో తృప్తినొందకుడు. తలిదండ్రులారా, మార్కులతోపాటు మీ బిడ్డల చేతిపనిని గూడ విచారింపుడు. విద్యార్థులారా, శక్తిని చూచి అబ్బురపడి యూరకుండక, దానిని అదుపుచేయు నేర్పును సంపాదింపుడు.