'పోయింది' అనే ముందు

బాలలూ! ఒక పాత కంప్యూటరు స్విచ్చి వేశారు. లోపల పంకా తిరుగుతోంది గాని తెర నల్లగానే ఉంది. అప్పుడు చుట్టూ చేరిన పెద్దలు ఏమంటారు? "పోయింది, తుక్కుకి ఇచ్చేయండి" అంటారు. ఈ మాట అనడానికి శాస్త్రజ్ఞానం అక్కరలేదు. ఏది పోయింది, ఎందుకు పోయింది అని అడగడానికే అది కావాలి. పలాస, టెక్కలి, ఉద్దానం బడుల్లో పిల్లల చేతికి ఒక పాత కంప్యూటరును, రెండు మూడు చవకబారు గ్రాఫిక్స్ కార్డులను ఇచ్చి, ఈ ప్రశ్న అడగడం నేర్పించాలని నా అభిప్రాయం.

కంప్యూటరు కట్టిన లెక్కలను తెర మీద బొమ్మగా, అక్షరాలుగా మార్చి పంపే పలకే గ్రాఫిక్స్ కార్డు. 1981లో ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు వచ్చినప్పుడు ఇది గాడిలో గుచ్చే విడి పలకగానే ఉండేది. 1987లో వి.జి.ఎ. పద్ధతి వచ్చింది. పాత మానిటర్ల తీగ చివర కనిపించే 15 సూదుల కనెక్టరు దానిదే.

ఉద్దానం రైతు కొబ్బరికాయను కొట్టకముందే చెవి దగ్గర పెట్టి ఆడిస్తాడు. లోపలి సంగతి బయటి గుర్తులను బట్టి గ్రహిస్తాడు. కార్డునూ అలాగే పరీక్షించవచ్చు. ముందుగా కంటితో చూడాలి. చిన్న డబ్బాల్లా నిలబడి ఉండేవి కెపాసిటర్లు. వాటి తల ఉబ్బిందా? ఎక్కడైనా మాడిన మచ్చ ఉందా? గాడిలోకి దిగే బంగారు రంగు అంచు మసకబారిందా? మనది సముద్రతీరం. ఉప్పుగాలి, తేమ కలిసి లోహాన్ని తినేస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతంలో తీరం దాటింది. అలాంటి వానల్లో తడిసిన యంత్రం పూర్తిగా ఆరక ముందే కరెంటు ఇస్తే, బాగున్న భాగం కూడా పాడవుతుంది. మసకబారిన అంచును మెత్తని పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడవండి. చచ్చిందనుకున్న కార్డు ఈ ఒక్క పనితోనే లేచి కూర్చోవడం కద్దు.

తరువాత చెవి పెట్టి వినాలి. పాత కంప్యూటర్లు చాలావరకు తమ బాధను కూతలతో చెబుతాయి. కొన్నింటిలో ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు వినిపిస్తే బొమ్మ పంపే భాగంలో లోపమని అర్థం. ఈ సంకేతాలు కంపెనీని బట్టి మారుతాయి గనుక ఆ యంత్రం పుస్తకం చూడాలి.

బొమ్మ వచ్చినా వంకర ఉండవచ్చు. తెల్లగా ఉండవలసిన తెర పసుపుపచ్చగా కనిపిస్తే నీలం రంగు అందడం లేదన్నమాట. వెంటనే కార్డును నిందించకండి. 15 సూదుల్లో మొదటి మూడూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను మోస్తాయి. మూడో సూది వంగిపోయిందేమో చూడండి. అక్షరాల స్థానంలో పిచ్చిగీతలు, గళ్లు కనిపిస్తే కార్డులోని జ్ఞాపకశక్తి చిప్పులను అనుమానించాలి. పది నిమిషాలు బాగా నడిచి అప్పుడు గీతలు పడితే, వేడి కారణం కావచ్చు. కార్డు మీది పంకా తిరుగుతోందో లేదో చూడాలి.

అన్నింటికన్నా గొప్ప పరీక్ష మార్పిడి. అనుమానమున్న కార్డును బాగా పనిచేసే మరో కంప్యూటరులో పెట్టండి. లోపం కార్డు వెంట వెళ్లిందా, మొదటి యంత్రంలోనే ఉండిపోయిందా? అయితే గాడులు, వోల్టేజీలు అన్నింటికీ ఒకటి కావు. ఎ.జి.పి. కార్డుల్లో 3.3 వోల్టులవీ, 1.5 వోల్టులవీ ఉన్నాయి. నంబరు చూసి, సరిపోతుందని తేలాకే గుచ్చాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. తీగ, కార్డు, మానిటరు మూడూ ఒకేసారి మారిస్తే బొమ్మ రావచ్చు గాని కారణం తెలియదు. చేసిన ప్రతి మార్పునూ నోటు పుస్తకంలో రాసుకోవాలి.

ఒక హెచ్చరిక! ఉపాధ్యాయుడు దగ్గర లేనిదే పెట్టె తెరవకండి. ముందు ప్లగ్గు పీకేయండి. కరెంటు సరఫరా డబ్బాను, పాత గాజు గొట్టం మానిటరును ఎన్నడూ విప్పకూడదు. ఆ మానిటరులో 20,000 వోల్టులు దాటిన విద్యుత్తు ఉంటుంది. స్విచ్చి ఆపాక కూడా కొంత నిలిచి ఉండవచ్చు.

"ఫోన్లే కంప్యూటర్లయిన ఈ రోజుల్లో పాత కార్డులతో ఏం పని?" అని కొందరు అడుగుతారు. కొత్త యంత్రాన్ని ముట్టుకోనివ్వరు గదా! చవక కార్డు పాడైనా నష్టం స్వల్పం. అందుకే అది మంచి గురువు. నిజంగానే చచ్చిన కార్డులూ ఉంటాయి. వాటిని కాల్చకూడదు, విషవాయువులు వస్తాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన వారికే అప్పగించాలి.

ఈ అలవాటు మన ప్రాంతానికి మరీ అవసరం. ఉద్దానంలో ఎందరినో మూత్రపిండాల జబ్బు పీడిస్తోంది. నీరా, పురుగుమందులా, నొప్పి మాత్రలా, ఎండలో శ్రమా? శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి పరిశోధించినా ఇదే కారణమని ఏ ఒక్కదాన్నీ ఇంకా తేల్చలేదు. మనిషి కార్డు కాదు. తీసి మరోచోట పెట్టి చూడలేం. అందుకే ఒక్కొక్క అనుమానాన్నీ విడదీసి, ఓపికగా కొలిచి, రాసిపెట్టేవారు కావాలి. ఎవరో చెప్పిన కారణాన్ని పట్టుకుని ఊరుకునేవారి వల్ల ఆ పని కాదు. ఆ ఓపిక బడిలో, పాత కార్డు ముందు కూర్చుని కూడా నేర్చుకోవచ్చు.

కాబట్టి ఉపాధ్యాయులారా, మూలపడిన కంప్యూటరును తుక్కుకు తూచే ముందు ఒక్క నెల పిల్లలకు అప్పగించండి. బాలలూ, ఒక నోటు పుస్తకం సిద్ధం చేసుకోండి!